లోయర్ పరేల్‌లో ఒక పూట భోజనం

మా పెద్దబిడ్డ కూతురికి లోయర్ పరేల్‌లో నౌకరి దొరికింది. మొదటి పగార్ చేతికి రాగానే ఫోన్ చేసింది. "తాతా, అమ్మమ్మను తీసుకొని రా. మా ఆఫీసు దగ్గర మంచి హోటల్ల తినిపిస్త" అన్నది. నేను వద్దన్న. భివండి నుంచి అంత దూరం ఎందుకు, నువ్వే ఇటు రా, పద్మానగర్‌లోనే ఏదన్న తెప్పించుకుందాం అన్న. మా ఇంటామె పక్కనుంచి ఫోన్ గుంజుకొని "వస్తం బిడ్డా, శనివారం వస్తం" అని పెట్టేసింది.

ఆమె ఎందుకట్ల ఎగబడ్డదో నాకు అప్పుడు అర్థం కాలే. రాత్రి పండుకునేటప్పుడు చెప్పింది. మా పెండ్లయి నలభై ఆరేండ్లు. నేను బొంబాయి మిల్లుల పనిచేసిన రోజుల్లో ఆమె సిరిసిల్లలో మా అమ్మానాయినల దగ్గర ఉండె. సమ్మె తర్వాత నేను భివండికి వచ్చి పవర్‌లూమ్ పట్టుకున్నాకే ఆమెను తెచ్చుకున్న. మిల్లు సంగతి వెయ్యిసార్లు విన్నది కాని కంటితో చూడలే. మనవరాలి ఆఫీసు ఉన్నది ఆ మిల్లు ఆవరణలోనే. మిల్లు పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే పాత పంచాయితీ మళ్ళ మొదలైతది, మన పత్రికకు అది అవసరం లేదు.

ఆదివారమైతే లోకల్ బండ్లకు మెగా బ్లాక్ బాధ ఉంటదని శనివారమే పెట్టుకున్నం. ఆషాఢం చివరి శనివారం, పొద్దటి నుంచీ వాన. అంజూర్‌ఫాటా మీదుగ ఠాణాకు పోయేసరికే గంటన్నర. కశేళి దగ్గర లారీల వరుస ఎట్లుంటదో భివండోళ్ళకు చెప్పక్కర్లేదు. ఠాణాలో స్లో బండి ఎక్కినం. దాదర్, పరేల్ దాటి కర్రీ రోడ్డులో దిగినం.

కర్రీ రోడ్డు స్టేషన్ మారలే, మెట్లు గూడ అవే. మెట్లెక్కి బయటపడి తలెత్తితేనే తెలిసింది ఎంత మారిందో. నేను పనిచేసిన రోజుల్లో ఈ జాగాల నిలబడి ఎటు చూసినా మిల్లు చిమ్నీలు కనబడేవి. ఇప్పుడు చిమ్నీ కనబడాలంటే వెతుక్కోవాలె. అద్దాల మేడల నడుమ ఒకటి అర దాచిపెట్టినట్టు ఉన్నయి. డిలైల్ రోడ్డు వంతెన గూడ కొత్తది. పాతదాన్ని 2018లో మూసేస్తే, కొత్తది పూర్తిగా తెరిచేసరికి 2023 అయింది. అయిదేండ్లు జనం ఎట్ల తిప్పలు పడ్డరో ఆ వైపు చాళీల్లో ఉన్న మనోళ్ళను అడగాలె.

వంతెన మీద ఇంటామె ఆగింది. "భోంగా ఏడ మోగేది?" అన్నది. అన్ని దిక్కుల నుంచి మోగేదని చెప్పిన. పొద్దున ఏడింటికి మొదటి పాళీ, మధ్యాహ్నం మూడున్నరకు రెండోది, అర్ధరాత్రి మూడోది. పాళీ మారేటప్పుడు ఈ రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండకపోయేది.

మిల్లు గేటు పాతదే ఉంచిన్రు, నల్లరంగు కొత్తగ వేసిన్రు. గేటు దగ్గర మిషన్లో సంచి పెట్టమన్నరు. మా ఇంటామె సంచిల మనవరాలి కోసం తెచ్చిన సకినాలు, ఒక గొడుగు. సెక్యూరిటీ పిల్లగాడు సకినాల డబ్బా విప్పి చూసి, వాసన చూసి, నవ్వి పంపిండు. ఆ కాలంలో మాకు ఝడతీ బయటికి వచ్చేటప్పుడు ఉండేది. నూలు కండె, గుడ్డ ముక్క ఏమన్న దాచుకొని పోతున్నమేమో అని జేబులు తడిమేటోళ్ళు. ఇప్పుడు లోపలికి పోయేటప్పుడు చూస్తున్నరు.

మనవరాలు గొడుగు పట్టుకొని ఎదురొచ్చింది. మమ్మల్ని మొదలు తీసుకుపోయింది ఆమె ముందే అనుకున్న పెద్ద హోటల్‌కు. తలుపు దగ్గర పది పన్నెండు మంది నిలబడి ఉన్నరు. ముప్పావు గంట ఆగాలన్నడు తలుపు దగ్గరి మనిషి. లోపల పాట చప్పుడు ఎంతంటే, మనవరాలు చెప్పేది మా ఇంటామెకు వినబడలే. నేను పెదవులు చూసి చెప్పిన. సాంచా ఖాతాల పనిచేసినోనికి ఆ విద్య పోదు. మేము ఎనిమిది గంటలు ఒకరి మాట ఒకరం చెవులతో కాదు, కండ్లతో విన్నోళ్ళం. వాళ్ళ ధరల పుస్తకం బయటనే పెట్టి ఉంటే తిప్పి చూసిన. అక్షరాలు ఇంగ్లీషే కాని అంకెలు నాకు తెలుసు. ఒక్క ప్లేటు 895. అది ఏందని అడిగితే, సేమియాల లెక్క ఉంటది తాతా అన్నది.

"ఆగుదాం తాతా, దీనికి మస్తు పేరుంది. ఫోన్ల మూడు వేల మంది బాగుందని రాసిన్రు" అన్నది. ఇంటామె ఏమీ అనలే, చెప్పుల్లోని నీళ్ళు దులుపుకుంటున్నది. ఆమె నిలబడితే మోకాళ్ళు గుంజుతయి. నేను అట్ల కొంచెం తిరిగి వస్తనని ఆవరణ వెనక్కి నడిచిన.

వెనక భాగంలో ఒక పాత షెడ్డు మిగిలింది. దాని కప్పు చూడంగనే నా కాళ్ళు ఆగినయి. రంపం పండ్ల లెక్క మెట్టుమెట్టుగ ఉంటది ఆ కప్పు. ప్రతి మెట్టుకు ఒక వైపు రేకు, ఇంకో వైపు అద్దం. అద్దాలు ఉత్తరం దిక్కుకు ఉంటయి. ఎండ నేరుగ పడొద్దు, వెలుతురు మాత్రం రోజంతా ఒక్కతీరుగ రావాలె. అప్పుడే తెగిన పోగు, రంగు తేడా కంటికి చిక్కుతది. నేత షెడ్లకే ఎక్కువ అట్ల కట్టేటోళ్ళు, అదీ నేల మీదనే, ఎందుకంటే వందల సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటే మేడ తట్టుకోదు. ఆ షెడ్డును గోడలు పెట్టి నాలుగు ముక్కలు చేసిన్రు. ఒకదాంట్ల దీపాలమ్మే దుకాణం, రెండింటికి తాళాలు, చివరిదాంట్ల ఒక చిన్న హోటల్. పది బల్లలు ఉంటయేమో. నాలుగింటి మీదనే మనుషులు.

మనవరాలిని పిలిచి చూపించిన. ఆమె ఫోన్ తీసి చూసింది. "దీన్ని ఎవరు ఎరుగరు తాతా. నలభై మందే రాసిన్రు, చుక్కలు గూడ తక్కువ. ఒకామె ఆలస్యం అయితదని రాసింది. బాగలేకుంటే పైసలు దండుగ" అన్నది. ఆమె చెప్పింది తప్పేం కాదు. మొదటి పగార్, అమ్మమ్మ తాత మొదటిసారి వచ్చిన్రు, రుచి లేని తిండి పెడితే ఆ పిల్లకు మనసు నొస్తది.

నాకు మటుకు హోటల్ ఎంచుకునే అలవాటే లేదు. బొంబాయిల నేను తిన్నదంతా ఖానావళిలో. 1976 నుంచి సమ్మె దాకా ఆరేండ్లు ఒకే బాయి చేతి కూడు తిన్న. కొంకణ్ నుంచి వచ్చినామె, మొగడు గూడ మిల్లు కార్మికుడే. పది పన్నెండు అడుగుల ఖోలీ, రెండు పాళీల్లో ఇరవై మందికి వడ్డించేది. పెండ్లాం పిల్లలను ఊర్ల ఇడిచిపెట్టి వచ్చిన మాసొంటోళ్ళందరం అట్లనే బతికినం. నెల కాంగనే పగార్ దినం లెక్క. బాయి ఏది వండితే అది. భాకరీ, పప్పు, బుధవారం ఎండు చేపలు, ఆదివారం మటన్. బాగుందా బాగలేదా అని రాసే పుస్తకం లేదు. ఇట్ల వండిపెట్టే ఆడోళ్ళు గిరణ్‌గావ్‌లో వేలల్లో ఉండె. వడ్డీ వ్యాపారుల చేతిల చిక్కిన వాళ్ళను ప్రేమా పురవ్ అనే కార్యకర్త కూడగట్టి, 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టి బ్యాంకు అప్పులు ఇప్పించింది. మా బాయి గూడ అందుల చేరింది.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దత్తా సామంత్ పిలుపు మీద దాదాపు రెండున్నర లక్షల మంది బయటికొచ్చినం. బాయి మూడు నెలలు పైసలు అడగకుండ పెట్టింది. తర్వాత నేను ఊరికి పోయిన. మళ్ళీ వచ్చేసరికి మిల్లులో బద్లీ కార్డుకు విలువ లేకుండ పోయింది, ఆ ఖోలీల వేరేవాళ్ళు ఉన్నరు. మూడు నెలల బాకీ అట్లనే ఉండిపోయింది. ఈ ఆవరణకు నేను ఇన్నేండ్లు రాకపోవడానికి మిల్లు మీది కోపం ఒక్కటే కారణమని ఇంట్ల చెప్తుంటి. అది సగమే నిజం.

మిగిలిన సగం కోపం గురించి ఒక్క మాట. 1991లో నియమం చేసినప్పుడు మిల్లు జాగాను కొత్తగ కట్టుకుంటే మూడో వంతు ఊరి తోటలకు, మైదానాలకు, మూడో వంతు ఇండ్లకు, మిగిలింది యజమానికి అన్నరు. 2001లో దాన్ని మార్చి, కట్టడం లేని ఖాళీ జాగాకే ఆ లెక్క అన్నరు. మిల్లు జాగాల ఖాళీ ఎంత ఉంటది? 2006లో సుప్రీంకోర్టు గూడ ఆ మార్పు చెల్లుతదన్నది. అందుకే ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, మథురాదాస్, కమలా మిల్లుల్లో హోటళ్ళు, ఆఫీసులు వచ్చినయి. మా మనవరాలి నౌకరి గూడ అట్ల వచ్చిందే. దీన్ని ఏమనాలో నాకు తెల్వదు, ముందుకు పోదాం.

ఆ చిన్న హోటల్ తలుపు దగ్గర నిలబడి నేను నా లెక్కలు చూసుకున్న. మొదటిది, ధరల పలక బయటనే ఉంది, ఇంగ్లీషుతో పాటు మరాఠీల గూడ. పిఠ్లా భాకరీ 320, కోంబ్డీ వడే 450, చేపల కూర అన్నం 480. మనకు ఎక్కువే. భాకరీకి అంత ధరనా అని ఇంటామె నోరు తెరిచింది. కాని లోపల కూసున్నాక దడ పుట్టించే ధర కాదు, ముందే తెలిసిన ధర. గల్లా పక్కన గోడకు పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు కాగితం ఉంది. చేతులు కడుక్కునే తొట్టి పొడిగ, సబ్బుతో ఉంది. ఇది నేను ఎప్పుడూ చూస్త. తొట్టి ఎట్లుంటే వంటిల్లు అట్ల.

తర్వాత తలుపులు లెక్కపెట్టిన. మనవరాలు నవ్వింది. నవ్వేది కాదు ఇది. 2017 డిసెంబర్ 29న, అర్ధరాత్రి దాటినాక, కమలా మిల్స్ ఆవరణలో మేడ మీది హోటళ్ళకు నిప్పంటుకొని 14 మంది సచ్చిపోయిన్రు. బయటికి దారి దొరకక మరుగుదొడ్డి వైపు పోయినోళ్ళే ఎక్కువ. మిల్లుల మాకు దూది దుమ్ముతో ఎప్పుడూ నిప్పు భయమే. ఎర్ర బకెట్లలో ఇసుక ఎక్కడుంది, తలుపు ఎక్కడుంది అనేది పనిల చేరిన మొదటి రోజే జాబర్ చూపించేటోడు. ఈ షెడ్డుకు ముందొక తలుపు, వంటింటి పక్కన ఇంకొకటి, దానికి తాళం లేదు, అడ్డంగ సామాను లేదు. పెద్ద హోటల్ల నాకు ఒక్క తలుపే కనబడ్డది. ఇంకోటి ఉండొచ్చు, నాకు కనబడలే.

అయినా మనసు ఒప్పలే. అంతల వడ్డించే పిల్లగాడు బయటికొచ్చి రమ్మన్నడు. ఉత్తరాఖండ్ పిల్లగాడట, ఇరవై ఏండ్లు ఉంటయేమో. "బేటా, నువ్వు పగటి పూట ఏం తిన్నవ్?" అని హిందీల అడిగిన. "ఇదే అంకల్. పిఠ్లా, అన్నం. మా వంటామె మాకు, మీకు వేరే వండదు" అన్నడు. వంటామెనా అన్న. అవును, సావంత్‌వాడీ వైపు ఆమె అన్నడు. ఇగ నేను మనవరాలి మొహం చూసిన. ఆమె ఫోన్ సంచిల పెట్టుకుంది. "సరే తాతా, నీ ఇష్టం. బాగలేకుంటే మాత్రం నన్ను అనొద్దు" అన్నది.

లోపల కూసున్నం. శనివారం గనక ఇంటామె నీసు ముట్టదు. ఆమెకు పిఠ్లా భాకరీ, పిల్లకు కోంబ్డీ వడే, నాకు చేపల కూర. రెండు గ్లాసులు సోల్‌కఢీ, ఒక్కటి 110. నీళ్ళు ఏవి కావాలె అని అడిగితే మామూలు నీళ్ళే అని గట్టిగ చెప్పాలె మనోళ్ళు. నోరు తెరవకపోతే సీసా తెచ్చి పెడ్తరు. సీసా మీద రాసిన ధర కంటే ఎక్కువ హోటల్ల తీసుకోవచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది గనక తర్వాత కొట్లాడి లాభం లేదు.

ఆలస్యం అయింది, ఆ రాసినామె అబద్ధం చెప్పలే. అరగంట పైనే. ఆ అరగంటల మా ఇంటామె కప్పు దిక్కు చూస్తనే ఉంది. అద్దాల మీద వాన పడుతున్నది. నడుమ ఇనుప స్తంభాలు, వాటికి తెల్లరంగు. "నీ సాంచాలు ఏడుండె?" అని అడిగింది. నేను రెండు సాంచాలు నడిపేటోణ్ణి. ఎక్కడని చూపించాలె? గోడలు కొత్తవి, నేల కొత్తది. తలుపు నుంచి స్తంభాలు లెక్కపెట్టుకుంట పోయిన. మావి అయిదో వరుసల ఉండె. ఇక్కడ మూడో స్తంభం దగ్గరే గోడ అడ్డం వచ్చింది. "ఆ గోడ అవతల ఉండొచ్చు" అన్న. గోడ అవతల దీపాల దుకాణం. నిజం చెప్పాలంటే ఇది మా షెడ్డో, పక్క షెడ్డో గూడ నాకు గట్టిగ తెల్వదు. అది ఆమెకు చెప్పలే. ఆమె లేచిపోయి ఆ స్తంభాన్ని చేత్తో ముట్టి వచ్చి కూసున్నది. మనవరాలు ఫోటో తీస్తానంటే వద్దన్నది.

తిండి సంగతి. పిఠ్లా బాగుంది, ఎల్లిపాయ కారం ఘాటుగ ఉంది. భాకరీ మాత్రం మా బాయి చేసినంత పలుచగ లేదు, అంచులు మందం. మా ఇంటామె ఒక భాకరీ తుంచి చూసి "జొన్నపిండి పాతది" అని తీర్పు చెప్పింది, అయినా రెండు తిన్నది. చేపల కూర మాత్రం ఎట్లుండాలో అట్లనే ఉంది. పులుపు కోకంది, చింతపండుది కాదు. మనవరాలు తన వడే తిని, నా కూర గూడ సగం తిన్నది. ఫోర్కు చెంచా ముట్టకుండ చేత్తోనే తిన్నం, ఎవరూ చూడలే.

బిల్లు వచ్చింది. తిన్నది 1,470 రూపాయలు. దాని మీద సర్వీస్ ఛార్జ్ అని నూటికి పది, 147. ఆ మొత్తం మీద పన్ను. అంతా కలిపి 1,697 చిల్లర. ఇది మన చదువరులు తెలుసుకోవాలె. సర్వీస్ ఛార్జ్ తప్పనిసరిగ బిల్లుల వేయొద్దని 2022 జూలైల వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు గూడ అదే సరైనదన్నది. పన్ను నూటికి అయిదు, అది మాత్రం కట్టాల్సిందే. మనవరాలు మెల్లగ అడిగింది, గల్లా మీది మనిషి మారు మాట్లాడకుండ తీసేసిండు. 1,543 రూపాయల యాభై పైసలకు వచ్చింది.

ఆ తీసేసిన 147 పిల్లగానికి ముడుతుండెనా అని నాకు గుబులైంది. అడిగిన. కొంత వస్తదని, ఎంతనేది తనకు తెల్వదని అన్నడు. పొద్దున పదకొండుకు పనిలకు వస్తడట, మధ్యాహ్నం మూడు గంటలు ఆపి, మళ్ళ రాత్రి పన్నెండు దాకా. ఆ మూడు గంటలు ఇంటికి పోయే దూరం లేక వెనక మెట్ల కింద పండుకుంటడు. మాకు ఎనిమిది గంటల పాళీ ఉండె, భోంగా మోగితే యజమాని గూడ ఆపలేకపోయేటోడు. నా జేబుల నుంచి నూట యాభై తీసి వాని చేతుల పెట్టిన. మనవరాలు తన విందు తాత ఖర్చు పెట్టుడేందని అలిగింది. ఇది విందు కాదు బిడ్డా, పాత బాకీల ఒక ముక్క అని చెప్పాలనిపించింది, చెప్పలే. అర్థం కాకపోవు, పైగా వంటామెకు కాకుండ వడ్డించినోనికి ఇస్తే బాకీ తీరదు.

మిగిలిన ఎల్లిపాయ కారం పొట్లం కట్టమని ఇంటామె అడిగింది. వంటామె స్వయంగ బయటికొచ్చి ఇంకొంచెం కలిపి కట్టిచ్చింది. మా ఇంటామె సకినాల డబ్బాలోంచి నాలుగు తీసి ఆమె చేతిల పెట్టింది. ఒకరి భాష ఒకరికి సగం సగం వచ్చు, భివండిల ఉన్నన్ని ఏండ్లకు ఆ మాత్రం రాకపోదు. పిండి సంగతి గూడ చెప్పినట్టుంది, ఇద్దరూ నవ్వుకుంటున్నరు.

తిరిగి కర్రీ రోడ్డుకు నడుస్తుంటే వాన ఆగింది. బాయి ఉన్న చాళీ దారిలనే పడుతది. ఆ జాగాల చుట్టూ నీలిరేకులు కట్టి ఉన్నయి, లోపల క్రేన్ తిరుగుతున్నది. కొంచెంసేపు నిలబడి వచ్చేసినం.

మనవరాలు వచ్చే నెల పగార్‌కు మాత్రం ఆ పెద్ద హోటల్‌కే పోదామంటున్నది. సరే అన్న. ముందు నువ్వొకసారి పోయి, వాళ్ళ రెండో తలుపు ఎక్కడుందో చూసి రా అని చెప్పిన.